పదిహేడో ప్లేటు

2024 ఆగస్టు 22, గురువారం

తెల్లవారుజామున 4:10. బ్లడ్ కల్చర్ మిషన్ కూసింది. చిన్నపిల్లల బాటిల్. ఎన్‌ఐసీయూ, మూడో బెడ్. రక్తం తీసి 36 గంటలే అయింది.

స్లైడ్ వేశా. మామూలు బాక్టీరియానే అనుకుని కన్ను పెట్టా. కాదు. లావుపాటి ఊదారంగు గింజలు, ఒక్కోదానికి పక్కన బుడిపె. బడ్డింగ్ ఈస్ట్. లెన్స్ తుడిచి మళ్ళీ చూశా. అవే.

ఫోన్ అక్క ఎత్తింది, ఎన్‌ఐసీయూ సిస్టర్. "ఈస్ట్ అక్కా" అన్నా. అవతల కాసేపు మానిటర్ల చప్పుడే. తర్వాత "ఏ ఈస్ట్?" అంది. డాక్టర్ తీసుకుని ఆయనా అదే అడిగాడు. ఏదో తేలాలంటే రేపో ఎల్లుండో. ఈ లాబ్‌లో తొమ్మిదేళ్ళుగా నేను చేసిన ఉద్యోగమంతా 'రేపు' అని చెప్పడమే.

ఫారం మీద బరువు 890 గ్రాములు. ఇరవై ఏడో వారంలో కాన్పు. పన్నెండో రోజు. బాటిల్లోకి 1 మి.లీ. తీశారు. ఆ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే టీ గ్లాసుడు ఉండదు.

ఆగస్టు 24, శనివారం

నిన్న జెర్మ్ ట్యూబ్ నెగటివ్. సీరంలో మూడు గంటలు నానబెట్టినా తోక మొలవలేదు. అంటే అల్బికన్స్ కాదు. ఇవాళ క్రోమ్ అగార్ మీద ఆకుపచ్చా రాలేదు, నీలమూ రాలేదు. వెలిసిపోయిన గులాబి. పారాప్సిలోసిస్. మిషన్ కూడా అదే అంది.

"ఆరిస్ కాదుగా?" అని డాక్టర్ రెండుసార్లు ఫోన్. 2009లో జపాన్‌లో ఎవరో ముసలావిడ చెవిలో దొరికిన దానికి ఇక్కడ గవర్నర్‌పేటలో వణుకుతున్నాం. కాదు సార్ అన్నా. హమ్మయ్య అన్నాడు. హమ్మయ్య ఏమిటో. మా లాబ్ మేడం మాత్రం నవ్వలేదు. "పారాప్సిలోసిస్ అంటే చేతులు. ఇంకోటి వస్తుంది చూడు" అంది.

ప్లేటు మూత తీసి వాసన చూడకూడదు. ట్రైనింగ్‌లో మొదటిరోజే చెప్తారు. చూడకపోయినా వస్తుంది. పొంగిన ఇడ్లీ పిండి వాసన అంటారు అందరూ. నాకు మాత్రం బంటుమిల్లిలో తాతయ్య మోకు విప్పి, లొట్టి అరుగు మీద పెట్టినప్పటి వాసన. పొద్దుటి కల్లు తియ్యగా ఉండేది, సాయంత్రానికి పులిసేది. మధ్యలో ఏం జరిగిందని ఎప్పుడూ అడగలేదు.

ఆగస్టు 26, సోమవారం

కృష్ణాష్టమి. అత్తయ్య తెల్లారే లేచి గుమ్మం నుంచి దేవుడిగూటి దాకా పిండితో చిన్ని పాదాలు వేసింది.

రెండో బాటిల్ తేవడానికి ఎవరూ ఖాళీ లేరంటే నేనే ఎన్‌ఐసీయూకి వెళ్ళా. గౌను, మాస్కు, టోపీ. మూడో బెడ్ మొదటిసారి చూశా. మాకు బిడ్డలు కనిపించరు, బాటిళ్ళే. పాదం నా బొటనవేలంత ఉందేమో, కాస్త ఎక్కువేమో. ఒళ్ళు బూడిదరంగు. ప్లేట్‌లెట్లు 22 వేలట. పాలు పడట్లేదట, పొట్ట ఉబ్బింది.

రక్తనాళంలో వేసిన లైన్ తీసేశారు. ఆ గొట్టం లోపల జిగురుపొర కట్టుకుని కూర్చుంటుంది ఈ ఈస్ట్. గ్లూకోజు, కొవ్వుపాలు పోసే లైన్ కదా, దానికి పండగే. ఇప్పుడు మందులకి ప్రతిసారీ చేతినో కాలినో కొత్త సూది. అందరూ అక్కనే పిలుస్తున్నారు. ఆమెకి కుడి చూపుడువేలి కొస లేదు. కోడూరులో చిన్నప్పుడు వరికోతల్లో కొడవలి తగిలి పోయింది. నడిమివేలితో తడిమి వెయిన్ పట్టుకుంటుంది. లైటు కూడా వెయ్యదు. కళ్ళు మూసుకుంటుంది.

తలుపు బయట బిడ్డ నాయనమ్మ. మోపిదేవి నుంచి తెచ్చిన దారం అక్క చేతిలో పెట్టి కట్టమంది. అక్క కట్టలేదు. వార్మర్ కొసకి ప్లాస్టర్‌తో అంటించింది.

ఆగస్టు 27, మంగళవారం

మేడం చెప్పినట్టే. ఐదో బెడ్. అదే గులాబి.

మూడో బెడ్ రెండో బాటిల్ కూడా కూసింది. ఈస్ట్‌ని చంపే మందు, ఆంఫో, మొదలెట్టి ఐదు రోజులు.

ఆగస్టు 29, గురువారం

మేడం టీ టైములో ఈ పేరు కథ చెప్పింది. 1928లో ప్యూర్టోరికోలో ఆష్‌ఫర్డ్ అనే డాక్టర్ విరేచనాల రోగి మలంలోంచి దీన్ని తీశాడట. స్ప్రూ జబ్బుకి ఇలాంటి బూజే కారణమని అప్పటి నమ్మకం. సిలోసిస్ అంటే స్ప్రూ. దానికి దగ్గరదే గానీ అదే కాదు కాబట్టి పారాప్సిలోసిస్.

స్ప్రూ అనగానే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. పదో తరగతిలో ఆయన మీద వ్యాసం రాశా. భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూతోనే పోయారు. ఆయనకీ వచ్చింది. చివరికి అమెరికాలో ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆసిడ్ తయారు చేసింది. స్ప్రూకి అదే మందైంది. బూజుకీ ఆ జబ్బుకీ సంబంధమే లేదని తేలింది. అయినా పేరు మార్చలేదు.

"ఎందుకు మారుస్తారు? ఒకసారి పడ్డాక అంతే" అంది మేడం, బిస్కట్ ముంచుకుంటూ.

ఆగస్టు 31, శనివారం

ఒకటే వాన. మొగల్రాజపురంలో కొండ విరిగి ఇళ్ళ మీద పడిందట. రాత్రి డ్యూటీ. వచ్చేసరికి మోకాళ్ళ దాకా తడిశా. లాబ్‌లో ఏసీ చలికి పళ్ళు టకటకా.

సెప్టెంబరు 1, ఆదివారం

పొద్దున ఏడింటికి మా ఆయన ఫోన్. సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి బుడమేరు వాగు వచ్చేసింది. మంచం మునిగింది. అత్తయ్యని పైన ఓనర్ వాళ్ళింటికి ఎక్కించాడు. బియ్యం డబ్బా, సర్టిఫికెట్లు ఎక్కించాడు. "ఇంకేం కావాలి?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఫోటోల ఆల్బం అనేలోపు కట్ అయింది.

ఫ్లైఓవర్ దాకా వెళ్ళి వచ్చేశా. అవతల అంతా నీళ్ళే. జనం తాడు పట్టుకుని నడుస్తున్నారు. తిరిగి లాబ్‌కే. ఇంకెక్కడికి వెళ్తాను?

రాత్రి రావలసిన వాళ్ళు రాలేదు. నేనే ఉన్నా. మూడో బెడ్ బాటిల్ వచ్చింది. రాత చూస్తే అక్కది. ఆమే ఇంటికి వెళ్ళలేదన్నమాట.

సెప్టెంబరు 2, సోమవారం

బారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులట. ఎప్పుడూ చూడనంత. పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయట. కాంటీన్‌లో టీవీ ముందు అందరూ నిలబడే తింటున్నారు.

అక్క పక్కన కూర్చుంది. "ఉప్పెన నాటికి నాకు రెండు నెలలు" అంది. 77లో. వాళ్ళమ్మ ఆమెని కొంగుతో నడుముకి కట్టుకుని తాడిచెట్టు కావిలించుకుందట, తెల్లారేదాకా. "చేతులు మొద్దుబారి, దింపేవాళ్ళు వచ్చినా విడిపోలేదంట." ఇంకేదో అనబోయింది. ఫోన్ వచ్చింది. ఐదో బెడ్.

సాయంత్రం 6:20కి పోయింది. ఆడపిల్ల. తండ్రిది కైకలూరు వైపు, చేపల చెరువు మీద కాపలా. రోడ్లు మునిగి రాలేకపోయాడు. ఫోన్‌లో చెప్పారు.

ఆ బాటిల్ నా రాక్‌లో ఇంకా ఉంది. 43వ గడి. తీసెయ్యబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 3, మంగళవారం

మూడో బెడ్, మొన్నటి బాటిల్. మళ్ళీ పెరిగింది. పన్నెండు రోజుల మందు తర్వాత కూడా.

ఆంఫో గురించి చదివా. పసుపురంగు పొడి. వెనిజులాలో ఒరినోకో నది ఒడ్డు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారట, 1950ల్లో. ఒక వయల్ 50 మిల్లీగ్రాములు. ఈ బిడ్డకి రోజుకి 0.9. సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది, 5 శాతం డెక్స్ట్రోజ్‌లోనే కలపాలి. పెద్దవాళ్ళకి ఎక్కిస్తే మంచం ఊగేలా చలి వస్తుంది. ఇంత చిన్నవాళ్ళు అంతగా వణకరట. పొటాషియం మాత్రం పడిపోతుంది, మూత్రపిండాలు కనిపెట్టుకుని ఉండాలి.

ఎక్కడి నది మట్టి. ఇక్కడ మా ఇంట్లో ఉన్నదీ మట్టే.

సెప్టెంబరు 6, శుక్రవారం

ఒకటో బెడ్. మూడో కేసు.

పైన మీటింగ్ అయిందట. మమ్మల్ని పిలవలేదు. బయటికి వచ్చిన మాట ఏమిటంటే, వరదల వల్ల. గాలిలో తేమ, బూజు, నీళ్ళు, స్టాఫ్ రాకపోవడం.

మొదటి బాటిల్ ఆగస్టు 22న కూసింది. బుడమేరు వచ్చింది సెప్టెంబరు 1న. రిజిస్టర్ నా చేతిరాతే.

సెప్టెంబరు 7, శనివారం

చవితి. పత్రీ లేదు, పాలవెల్లీ లేదు. అక్క స్టోర్‌రూమ్ నుంచి పసుపు పొట్లం తెచ్చి ముద్ద చేసి బీకర్ మీద పెట్టింది. అదే వినాయకుడు. మేడం చూసి ఏమీ అనలేదు, బీకర్ నంబరు మాత్రం రాసుకుంది.

సెప్టెంబరు 9, సోమవారం

4న తీసిన బాటిల్ ఐదు రోజులూ పూర్తి. పెరుగుదల లేదు. మూడో బెడ్.

ఫోన్ చేసి చెప్పా. అక్క "నిజంగానా చెల్లీ" అంది. ఆ 4వ తేదీ నుంచి పద్నాలుగు రోజులు లెక్కట. కూసిన రోజు నుంచి కాదు, ఆగిన రోజు నుంచి. అంటే 18 దాకా మందు. కంటిపాప వెనక, కిడ్నీల్లో, తలలో ఎక్కడైనా దాక్కుందేమో చూడాలి. వెన్నునీరు ఇదివరకే తీశారు, బాగానే ఉంది.

సెప్టెంబరు 10, మంగళవారం

ఇల్లు చూశా. ఫైరింజను వీధి కడిగి పోయింది. లోపల మనమే కడుక్కోవాలి. గోడ మీద నా భుజం ఎత్తున గీత. గీత కింద నల్లటి బూజు, ముట్టుకుంటే దూది. ఇది వేరు, అది వేరు. ఇది గోడల మీద బతుకుతుంది, అది మనుషుల మీద. మా ఆయనకి చెప్తే "రెండూ బూజేగా" అన్నాడు. డాక్టర్లే అలా అంటుంటే ఈయన్ని ఏమనను.

ఆల్బం అట్ట మిగిలింది.

సెప్టెంబరు 12, గురువారం

మేడం పట్టుబట్టి అనుమతి తెచ్చింది. చేతుల ప్లేట్లు. ఎన్‌ఐసీయూలో అడుగుపెట్టే ప్రతివాళ్ళూ కుడిచేతి ఐదువేళ్ళ కొసలూ అగార్ మీద ఆనించాలి. డాక్టర్లు, సిస్టర్లు, ఆయాలు, ఎక్స్‌రే అబ్బాయి. 31 మంది. పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో మేడం దగ్గర కవర్లో.

వరసలో నిలబెట్టి ఆనిపించింది నేను కాదు. నేను చూడకూడదని మేడం నన్ను బయటికి పంపింది.

1996 నుంచి 98 దాకా చండీగఢ్ పీజీఐలో పికియా అనొమాలా అనే ఇంకో ఈస్ట్ పిల్లల వార్డుల్లో తిరిగిందట. 379 మంది. వాళ్ళు దాచుకోలేదు, పత్రికలో రాసి లోకానికి చెప్పారు. "అందుకే మనకి తెలిసింది" అంది మేడం. 379. మనకి మూడే అని ఊరట పడ్డానా ఒక్క క్షణం? పడ్డాను.

సెప్టెంబరు 14, శనివారం

చేతులు చదివా. 31 ప్లేట్లు కిటికీ దగ్గర పేర్చుకుని. ఐదు చుక్కలు, ఐదు చుక్కలు, ఐదు చుక్కలు. ఎక్కువ వాటి మీద ఏమీ లేదు. నాలుగింటి మీద ఈస్ట్. అందులో రెండు పారాప్సిలోసిస్. ఒకటి 6, నాలుగు కాలనీలే. ఇంకోటి 17. లెక్కపెట్టలేనన్ని.

17లో చూపుడువేలి గుర్తు సగమే ఉంది. మిగతా నాలుగూ నిండుగా, చిన్న చిన్న మేఘాల్లా. చూపుడువేలి చోట గోరుచంద్రుడంత.

మూత పెట్టేశా.

మేడంకి నంబరు మాత్రం చెప్పా. ఆమె కవర్ విప్పలేదు. "స్పీషీస్ ఒకటైతే సరిపోదు. బిడ్డల్లోదీ దీన్లోదీ ఒకే స్ట్రెయినా కాదా తేలాలి. చండీగఢ్ పంపిద్దాం. ఈలోపు నోరు మెదపకు" అంది.

సరే అన్నా.

సెప్టెంబరు 16, సోమవారం

కాంటీన్‌లో ఓటీ టెక్నీషియన్ అడిగింది. దొరికిందటగా అని. లేదు అన్నా. ఎవరో చెప్పకులే, ఒక్కళ్ళేనా అంది. అవును, ఒక్కళ్ళదే బాగా ఉంది, వేలు సగమే పడింది పాపం, అన్నా.

పాపం అన్నా. ఆ మాట ఎందుకు అన్నట్టు?

సెప్టెంబరు 18, బుధవారం

17ని ఇంజెక్షన్ రూమ్‌కి మార్చారు. ఓపీ, కింద అంతస్తు. ఆర్డరు కాగితంలో 'పరిపాలనా కారణాలు' అని ఉందట.

మేడం నా వైపు ఒకసారి చూసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే?

మూడో బెడ్ ఆంఫో ఆఖరి డోసు. 1,060 గ్రాములు.

సెప్టెంబరు 19, గురువారం

ఎవరికి వెయిన్ బాగా దొరుకుతుంది? ఆమెకి. కాబట్టి ఎవరిని పిలుస్తారు? ఒకటో బెడ్‌కీ, మూడుకీ, ఐదుకీ, రాత్రి రెండింటికీ. ఇరవై మంది బిడ్డల మీద పడేది ఎవరి చెయ్యి? పని రాని చేతులు శుభ్రంగానే ఉంటాయి, ఎవరూ పిలవరు కాబట్టి.

ఇవన్నీ ఇక్కడే రాసుకుంటున్నా. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పలేదు.

సెప్టెంబరు 23, సోమవారం

చండీగఢ్‌కి పంపడం లేదు. "ఇప్పుడు కొత్త కేసుల్లేవుగా, లేనిపోనిది ఎందుకు" అన్నారట పైన. కొత్త కేసులు లేకపోవడం 17ని పంపడం వల్లనే అని అందరి లెక్క. వెయ్యి గ్రాముల లోపు వాళ్ళందరికీ ఈస్ట్ రాకుండా వారానికి రెండుసార్లు ఫ్లుకో మందు మొదలెట్టిన సంగతి, తలుపు దగ్గర కొత్తగా ఐదు హాండ్‌రబ్ సీసాలు పెట్టిన సంగతి లెక్కలోకి రావు.

సెప్టెంబరు 24, మంగళవారం

మేడం ఊరుకునే మనిషి కాదు. నన్ను తీసుకుని ఎన్‌ఐసీయూకి వెళ్ళి దొరికినదల్లా స్వాబ్ చేయించింది. సింకు, కుళాయి మెడ, లిపిడ్ పంపు, వార్మర్ బటన్లు, ఫోన్. మందులు కలిపే బల్ల మీద 500 మి.లీ. డెక్స్ట్రోజ్ బాటిల్. మూతకి సూది గుచ్చి అలాగే వదిలేసి ఉంది. ఎవరికి ఎంత కావాలంటే అంత లాక్కుంటున్నారు. "ఎప్పుడు తెరిచారు?" మేడం అడిగింది. ఎవరికీ తెలియదు. ఇన్‌చార్జి మాత్రం, 5 మి.లీ. కోసం బిడ్డకో బాటిల్ పారేస్తే బిల్లు ఎవరు కడతారు మేడం అంది. తప్పుగా కూడా అనలేదు. ఎప్పటినుంచో అంతే. ఆగస్టులోనూ అంతేనట.

మేడం బాటిల్ని సూదితో సహా కవర్లో వేసుకుంది.

సెప్టెంబరు 27, శుక్రవారం

డెక్స్ట్రోజ్‌లో పెరిగింది. వెలిసిన గులాబి.

చేతి నుంచి బాటిల్లోకి వెళ్ళిందా, బాటిల్ నుంచి చేతికి వచ్చిందా? ఆగస్టులో ఉన్న బాటిల్ ఏనాడో చెత్తలో పోయింది. అందులో ఏముందో ఎవరు చెప్తారు? 17 ఒక్కతే సూది గుచ్చిందా, అందరూ గుచ్చారా?

ఇంకోటి. రాయకుండా ఉండలేను. ఆంఫో డెక్స్ట్రోజ్‌లోనే కలపాలి. పన్నెండు రోజులు మందు ఎక్కినా మూడో బెడ్ బాటిల్ ఎందుకు కూస్తూనే ఉంది... ఏ బాటిల్లోంచి కలిపారు?

మేడంని అడిగా. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. "నువ్వు అడిగావని నేను రిపోర్టులో రాస్తా" అంది. రాసింది. ఆ రిపోర్టు ఎక్కడుందో?

బాటిళ్ళు మాత్రం స్వాబ్‌లు తీసిన మర్నాటికే మారాయి. 100 మి.లీ.వి, బిడ్డకొకటి.

అక్టోబరు 4, శుక్రవారం

దసరాలు మొదలయ్యాయి. రాత్రిపూట లాబ్‌లో ఎవరూ లేరు. ఒక ప్లేటు తీసి నా వేళ్ళు ఆనించా. ఆ 31లో నేను లేనుగా. ఆగస్టు 26న లోపలికి వెళ్ళినదాన్నే. గౌను వేసుకున్నా, గ్లౌజులు వేసుకున్నానా? గుర్తులేదు.

నంబరు 32 అని రాశా.

అక్టోబరు 6, ఆదివారం

నాలుగు వేళ్ళ మీద ఏమీ లేదు. ఉంగరం వేలి మీద తొమ్మిది కాలనీలు. పారాప్సిలోసిస్.

మంచివాళ్ళ చేతుల మీద ఉండేదే. చర్మం మీద, గోళ్ళ కింద మామూలుగా బతికేదే. పుస్తకంలో ఉంది. ఎన్నిసార్లు చదివానో.

ప్లేటు ఆటోక్లేవ్‌లో వేశా. రిజిస్టర్‌లో ఎక్కించలేదు.

అక్టోబరు 9, బుధవారం

మూలా నక్షత్రం. అమ్మవారి దర్శనానికి క్యూ లైన్లు వినాయకుడి గుడి దాకా. బస్సులు తిప్పేశారు, నడిచే వచ్చా.

ఇంజెక్షన్ రూమ్ ముందు నుంచి వెళ్ళా. కావాలనే. తలుపు తీసుంది. ఎవరో ముసలాయనకి టీటీ వేస్తోంది. చేతులకి గాజుల్లేవు. ఇదివరకు రెండేసి బంగారు గాజులుండేవి, డ్యూటీకి వస్తూ జేబులో వేసుకునేది. ఇప్పుడు ఇంటి దగ్గర కూడా వేసుకోవడం లేదని ఆయా చెప్పింది. వేళ్ళ మధ్య చర్మం పగిలి ఉంది. రుద్ది రుద్ది. పగిలిన చర్మంలోనే ఇది ఇంకా బాగా స్థిరపడుతుందని ఎవరు చెప్తారు ఆమెకి.

తలెత్తేలోపు వచ్చేశా.

అక్టోబరు 19, శనివారం

మూడో బెడ్‌కి కంటి డాక్టర్ మూడోసారి. రెండు కళ్ళూ బాగున్నాయి. కిడ్నీ స్కాన్ బాగుంది. తల స్కాన్‌లో చిన్న చుక్క ఉందట, పెరిగాక చూద్దామన్నారు. 1,420. తల్లి గుండెల మీద రోజుకి ఆరు గంటలు.

ఒకటో బెడ్ పోయిన వారమే ఇంటికెళ్ళింది. నేను రాయడం మర్చిపోయా. బాగైనవాళ్ళ బాటిళ్ళు రావు కదా.

అక్టోబరు 31, గురువారం

దీపావళి. గోడకి సున్నం వేయించాం. గీత కింద నుంచి మళ్ళీ కనిపిస్తోంది. అత్తయ్య గీత మీదే ప్రమిదలు పెట్టింది, వరసగా.

నవంబరు 5, మంగళవారం

నాగుల చవితి. మూడో బెడ్ డిశ్చార్జి. 1,810 గ్రాములు. నాయనమ్మ చలిమిడి, చిమ్మిలి తెచ్చి లాబ్ దాకా వచ్చి పంచింది. మగపిల్లాడు. మోపిదేవి స్వామి పేరే పెడతారట, ఇంకేం పెడతారు.

"ఆ సిస్టరమ్మ ఏదమ్మా, వేలు తెగినామె? దారం ఆమె దగ్గరే ఉండాలి" అంది.

కింద ఇంజెక్షన్ రూమ్‌లో ఉంటుందని చెప్పా. నేను తీసుకెళ్ళలేదు. మెట్లు చూపించా.

నవంబరు 8, శుక్రవారం

రాత్రి 2:15. 760 గ్రాములు, అవనిగడ్డ నుంచి 108లో వచ్చింది. వెయిన్ దొరకట్లేదు. ముగ్గురు ప్రయత్నించారు, ఏడు పోట్లు. డ్యూటీ డాక్టర్ ఎవర్నీ అడగలేదు, తనే ఫోన్ తీసి అక్కకి చేశాడు.

నేను బాటిల్ ఇవ్వడానికి పైకి వెళ్ళేసరికి సింకు దగ్గర ఉంది. మోచేతుల దాకా సబ్బు. నన్ను చూసింది. నోటి దాకా వచ్చింది, అక్కా ఆ రోజు కాంటీన్‌లో... అని.

"చెల్లీ, ఇల్లు ఆరిందా?" అంది.

ఆరిందక్కా అన్నా.

2:50కి బాటిల్ లాబ్‌కి వచ్చింది. 1 మి.లీ. లేబుల్ మీద ఆమె చేతిరాత. 43వ గడిలో పెట్టా.